అడ్డొచ్చిన దూడ

"లైసెన్సు ఇలా ఇవ్వవయ్యా," అన్నాడు బెంచి గుమాస్తా.

జగ్గారావు ఖాకీ చొక్కా జేబులోంచి లైసెన్సు పుస్తకం తీశాడు. చెమటకి అట్ట మెత్తబడింది. అంచులు నూనె మరకలతో నల్లగా ఉన్నాయి. గుమాస్తా చెయ్యి చాపి పుస్తకం పట్టుకున్నాడు గాని జగ్గారావు వేళ్లు వెంటనే వదల్లేదు. గుమాస్తా తలెత్తి మొహంలోకి చూశాడు. అప్పుడు వదిలాడు.

"ఆ బిళ్ల కూడాను."

చొక్కా మీద గుచ్చుకున్న ఇత్తడి బిళ్ల విప్పడం మామూలుగా కళ్లు మూసుకుని చేసే పని. ఆ పూట పిన్ను వేల్లో దిగింది. రక్తం బొట్టు అంటకుండా బిళ్లని బల్ల మీద పెట్టి, వేలు నోట్లో పెట్టుకుని బోనులోంచి దిగాడు.

తాగి బస్సు నడిపినందుకు జరిమానా, రెండేళ్లపాటు లైసెన్సు రద్దు. మేజిస్ట్రేటు గారు ఆ నాలుగు ముక్కలూ గొంతు పెంచకుండా, తగ్గించకుండా చదివి, పక్కనున్న మరో కట్ట అందుకున్నారు. అది ఏదో కొబ్బరితోట గట్టు తగాదా. ఆ తాలూకు మనుషులు అప్పుడే ముందుకి తోసుకొస్తున్నారు.

వరండాలో బస్సు యజమాని సోమేశ్వరరావు గారు నిలబడి ఉన్నారు. చేతికర్ర నేలకి ఆనించి, ఉత్తరీయంతో మెడ తుడుచుకుంటున్నారు.

"జరిమానా నేను కట్టేసేనులే. నువ్వు దిగులు పడకు. పైకోర్టు లేదేంటి?" అన్నారు.

చుట్టూ జనం చేరారు. బండారులంక నేత షావుకారు, పేరూరు కరణం గారి తమ్ముడు, ఇంకా ఆ రోజు బస్సులో ఉన్నవాళ్లు, లేనివాళ్లు. అందరిదీ ఒకటే మాట.

"పాపం, ఆ దూడ అడ్డం రాకపోతే ఏ గొడవా ఉండేది కాదు."

"ఎంత జోరుగా వచ్చిందండీ! దాన్ని తప్పించబోయేడు కాబట్టి గాని, లేకపోతే కాలవలో పడి అందరం పోయేవాళ్లం."

"ఆ ఎలీసమ్మ నోరు మూసుకుని ఊరుకుంటే సరిపోయేది."

ఎలీసమ్మ అప్పటికే కోర్టు మెట్లు దిగి వెళ్లిపోతోంది. ఆ రోజు బస్సులో విరిగిన కుడిచెయ్యి మెడకి కట్టుకున్న పాత చీరముక్కలో వేలాడుతోంది. సాక్షి బోనులో ఆమె చేత బైబిలు మీద ప్రమాణం చేయించారు. కుడిచెయ్యి లేవక ఎడమచెయ్యి పెట్టింది. పెద్దమనుషులు నలుగురూ దూడని చూశామని చెప్పాక, ఆమె వంతు వచ్చినప్పుడు, "దూడేమీ రాలేదండి. బస్సే తూలిందండి. డ్రైవరు గారి దగ్గర కల్లు వాసనొచ్చిందండి," అంది. ఆసుపత్రి డాక్టరు కూడా వాసన సంగతి చెప్పడంతో కేసు తేలిపోయింది.

జగ్గారావు ఆమె వెళ్లిన వైపు చూశాడు. కోపం రావలసినంత వచ్చింది. ఆ కోపం కింద ఇంకేదో ఉంది, అది ఏమిటో వెతకడానికి ఆ పూట అతనికి ఓపిక లేదు.

ఇంటికొచ్చేసరికి భార్య చిన్నమ్మలు వాకిట్లో చేటలో బియ్యం ఏరుతోంది. లేచి కాళ్లకి నీళ్లిచ్చింది. ఖాకీ చొక్కా విప్పి ఇస్తే తీసుకుని, బిళ్ల ఉండే చోట గుడ్డ మీద మిగిలిన రెండు చిల్లుల్నీ గోటితో నిమిరింది. కబురు అతనికన్నా ముందే వచ్చినట్టుంది.

అన్నం తింటుండగా అతనే మొదలుపెట్టాడు. "ఆ దూడే గనక రాకపోతే..."

చారు పోస్తున్న చిన్నమ్మలు గరిటె ఆపింది.

"నాతో కూడా దూడ అనే అంటారా?"

"అందరూ చూసేరు కదే."

"మీరు చూసేరా?"

జగ్గారావు అన్నం కలుపుకున్నాడు. అది మాఘమాసంలో సంగతి. అంబాజీపేట నుంచి మధ్యాహ్నం బయల్దేరాడు. అంతకు ముందు కల్లు పాకలో రెండు ముంతలు పుచ్చుకున్న మాట నిజం. అది ఏ రోజూ ఉండేదే. రోడ్డు ఎండకి తళతళలాడింది. ఆ తరవాత చక్రం చేతుల్లోంచి జారింది, బస్సు వెనక భాగం కాలవగట్టు మీంచి దిగబడి ఓ కొబ్బరిచెట్టుకి ఆనుకుంది, ఆడవాళ్లు అరిచారు. మధ్యలో దూడ ఉందా? మొదటి రోజు లేదు. సోమేశ్వరరావు గారి వకీలు అడిగిన రోజున వచ్చి చేరింది. వాయిదాకీ వాయిదాకీ దానికి తోకా చెవులూ మొలిచాయి. ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఏదో అడ్డం పరిగెట్టినట్టే ఉంటుంది.

"చారు చల్లారిపోతోంది," అంది చిన్నమ్మలు.

మర్నాడు తెల్లవారుతూనే మెలకువ వచ్చింది. లేవక్కర్లేదని తెలిసినా కాళ్లు చాప మీంచి దిగాయి. మొహం కడుక్కుని, కండువా వేసుకుని, షెడ్డు వైపు నడిచాడు.

అవి బస్సులు బొగ్గుతో నడిచే రోజులు. యుద్ధం అయిపోయినా పెట్రోలు ఇంకా కూపన్ల మీదే దొరికేది. బస్సు వెనకాల నిలువెత్తు ఇనప డ్రమ్ము బిగించి, అందులో బొగ్గు పోసి రాజేసి, ఆ వచ్చే గ్యాసుతో ఇంజను నడిపేవారు. ఒక్కొక్క బండికి ఒక్కొక్క తిక్క. జగ్గారావు బండి కొబ్బరిచిప్పల బొగ్గు అయితేనే ఇష్టంగా తినేది. తుమ్మబొగ్గు పోస్తే వంతెన ఎక్కేటప్పుడు ముసలమ్మలా మూలిగేది. ఆ సంగతి తెలిసి అంబాజీపేట కొట్ల వాళ్లు అతని కోసమని చిప్పల బొగ్గు విడిగా దాచి ఉంచేవారు.

షెడ్డు చేరేసరికి పొగ. కొత్త డ్రైవరు గంగరాజు డ్రమ్ము దగ్గర గొంతుక్కూచుని నిప్పు రాజేసే గాలిమర పిడి తిప్పుతున్నాడు. నిన్నటిదాకా రెండో బండికి డ్రైవరు. అంతకు ముందు జగ్గారావు దగ్గరే క్లీనరుగా ఉండి స్టీరింగు నేర్చుకున్నవాడు. మీసాలకి మసి అంటుకుంది.

"అంటుకోవట్లేదు గురువుగారూ. ఇందాకటి నుంచీ తిప్పుతున్నాను," అన్నాడు గంగరాజు, నిలబడుతూ.

"తడి బొగ్గు పోసేవు."

"పైదే పోసేనండి."

"పైదానికే మంచు తగుల్తాది. అడుగు నుంచి తియ్యాలి."

జగ్గారావు కండువా నడుముకి బిగించాడు. డ్రమ్ము మూత తీసి, సగం బొగ్గు తోడించి, అడుగు బస్తాలోంచి పొడి చిప్పలు పోశాడు. గుడ్డపేలిక వెలిగించి కింది తలుపులోంచి లోపలికి తోశాడు. పిడి పట్టుకుని మొదట నెమ్మదిగా, తరవాత ఒకే ఊపున తిప్పాడు. చిటపటలు మొదలయ్యాయి. పొగ తెల్లగా వచ్చి, పల్చబడి, చివరికి కనబడకుండా పోయింది. గొట్టం చివర అగ్గిపుల్ల చూపిస్తే నీలం మంట నిలబడింది. ఆ మంట రంగు చూడడం అతనికి రోజూ ఉండే సంతోషం. ఎప్పుడూ ఎవరితోనూ చెప్పలేదు గాని, పొద్దుటే ఆ నీలం చూశాక కాఫీ తాగినా తాగకపోయినా ఒకటే అనిపించేది.

గంగరాజు హేండిలు తిప్పాడు. ఇంజను దగ్గి, అందుకుంది. షెడ్డు రేకులు వణికాయి. జగ్గారావు అలవాటుగా డ్రైవరు తలుపు వైపు అడుగులు వేశాడు. చెయ్యి తలుపు మీద పడ్డాక గుర్తొచ్చింది. తలుపు తెరిచి పట్టుకుని, "ఎక్కు," అన్నాడు గంగరాజుతో.

బస్సు వెళ్లిపోయాక సోమేశ్వరరావు గారు వచ్చారు. జగ్గారావుని అక్కడ చూసి ఆయన ఆశ్చర్యపోలేదు.

"నీ చెయ్యి పడందే ఆ డ్రమ్ము అంటుకోదని నాకు తెలుసు. విను. వకీలు గారితో మాట్లాడేను. అప్పీలు వేద్దాం. ఆ ఎలీసమ్మ మాట మార్చుకుంటే చాలంట, మిగతాది ఆయన చూసుకుంటారు. గాయం నొప్పిలో ఏం చెప్పేనో తెలీదు, దూడ వచ్చిన మాట నిజమే అనాలి. అంతే."

"అంటాదాండి?"

"మనుషుల్ని పంపితే బెదిరించేవంటారు. నువ్వే వెళ్లు. నీ బస్సులో ఇన్నాళ్లు తిరిగిన మనిషి, నీ మొహం చూస్తే కాదనదు. రెండేళ్లంటే ఏంటనుకుంటున్నావు? ఈ లోపల పెట్రోలు బళ్లు వచ్చేస్తాయి. కొత్తవాళ్లు వచ్చేస్తారు. రెండేళ్లు చక్రం పట్టని చేతికి ఎవరిస్తారయ్యా బండి?"

అది నిజమే. ఆ మాట రాత్రంతా జగ్గారావు తనతో తాను చెప్పుకున్నదే.

"ఆయ్, వెళ్తానండి," అన్నాడు.

మర్నాడు బయల్దేరాడు. బస్సులో గంగరాజు అతన్ని ముందు సీట్లో, తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఆ సీటు తాసిల్దారులకీ కొత్త అల్లుళ్లకీ ఉంచేవారు. జగ్గారావుకి అక్కడ కాళ్లెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గేరు మార్చవలసిన చోటల్లా ఎడమకాలు దానంతటదే నేలని తొక్కింది.

పేరూరు దగ్గర వీరలక్ష్మి గారు ఎప్పటిలాగే అరుగు దిగి వచ్చింది. ఆమె కూతురిని గన్నవరం ఇచ్చారు. వారానికోసారి ఏదో ఒకటి పంపిస్తుంది. ఆ పూట గుడ్డ కట్టిన జాడీ పట్టుకుని డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చి, గంగరాజుని చూసి ఆగింది. తరవాత పక్కనున్న జగ్గారావుని చూసింది. జాడీ ఎవరికివ్వాలో తెలియక గుండెకి ఆనించుకుని నిలబడిపోయింది.

"గంగరాజుకివ్వండమ్మా," అన్నాడు జగ్గారావు. "అందజేస్తాడు."

"మా అమ్మాయి ఇల్లు ఎరుగునా, బాబూ?"

"నేను చెప్తానండి."

బస్సు కదిలాక చెప్పాడు. కాలవ లాకు దాటాక ఎడం పక్క పెంకుటిల్లు, ముందు గోరింట చెట్టు. హారను ఒక్కసారే కొట్టాలి, రెండుసార్లు కొడితే ఉయ్యాల్లో పిల్ల లేస్తాది. కోడలు బయటికి రాకూడదంటారు, అత్తగారే వస్తుంది, జాడీ ఆవిడకే ఇవ్వాలి గాని "మీ అమ్మగారు బెంగ పెట్టుకోవద్దన్నారు" అని లోపలికి వినబడేలా గట్టిగా అనాలి. గంగరాజు తలూపుతూ విన్నాడు. ఆ తరవాత ఎక్కడెక్కడ ఎవరు నిలబడతారో, ఎవరికి చూపు ఆనదో, ఏ మలుపులో ఏ ఇంటి గేదె పడుకుంటుందో ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయాడు. చెబుతున్నకొద్దీ గొంతు తేలికైంది. చెప్పడం ఆగాక మాత్రం, ఇల్లు ఖాళీ చేసి సామాను బండికెత్తించిన మనిషిలా కూర్చున్నాడు.

బండారులంక దాటాక దిగాడు. రోడ్డు పక్కనే కల్లు పాక. పాక మనిషి గుర్తుపట్టి, "అన్యాయం చేసేరండి మిమ్మల్ని," అంటూ ముంత అందించాడు. జగ్గారావు వద్దనలేదు. వెళ్లేది అడగడానికి. అడగాలంటే ఎంతోకొంత ధైర్యం కావాలి.

కాలవ మీద కొబ్బరి దుంగ దాటి, గట్టు వెంట నడిస్తే ఊరికి వెలిగా ఉన్న పేట. దూరం నుంచే నానిన కొబ్బరి డొక్కల వాసన వచ్చింది. నీటిగోతుల్లో నెలల తరబడి ఊరేసిన డొక్కల్ని తీసి, కర్రలతో బాది, పీచు దులిపి, తాడు పేనడం ఆ పేటలో ఇంటింటి పని. ఎలీసమ్మ ఇంటి ముందు బాదిన డొక్కలు కుప్పగా పోసి ఉన్నాయి. పీచు ఎండి రాగిరంగులో మెరుస్తోంది. దాని పక్కన రాట్నం ఉంది. దాని ముందు ఒక ముసలామె కూర్చుని ఉంది. రెండు కళ్లకీ పువ్వులు వేసి చూపు పోయింది. పిడి మీద చెయ్యి ఉంది గాని తిప్పడం లేదు.

అడుగుల చప్పుడికి ముసలామె మొహం ఇటు తిప్పి, గాలి పీల్చింది.

"అమ్మాయ్, ఎవరో తాగొచ్చేరే!"

జగ్గారావు అక్కడే ఆగిపోయాడు.

ఎలీసమ్మ పాకలోంచి వంగి బయటికి వచ్చింది. అతన్ని చూసి పైట సర్దుకోబోయింది. ఎడమచేత్తో సరిగా కుదర్లేదు.

"డ్రైవరు గారా అండి! రండి రండి," అంటూ ఖాళీగా ఉన్న నులకమంచం కాలితో ఇవతలికి జరిపింది. ఆ తరవాత, తమ మంచం మీద కూచుంటాడో లేదో అని కాబోలు, ఊరుకుంది.

జగ్గారావు కూచున్నాడు. ఆమె చెయ్యి దగ్గరగా కనబడింది. వెదురు బద్దలు పెట్టి కట్టిన కట్టు. మోచేతి కింద కట్టులోంచి బయటికి ఉన్న చర్మం కాలి, ముడుచుకుపోయి, గులాబిరంగుగా ఉంది.

"అదేంటి, కాలిందా?" అన్నాడు.

"డ్రమ్ము మీద పడ్డాను కదండి. వెనక బల్ల డ్రమ్మునానుకునే కదండి ఉంటాది. బస్సు ఒరిగితే దాని మీదే పడ్డాను. ఎముక విరిగింది తెలీలేదు, మంటే తెలిసింది," అంది, ఇంకొకరి సంగతి చెప్పినట్టు.

పేట జనం వెనక బల్ల మీదే కూర్చోవాలని బస్సులో ఎక్కడా రాసి లేదు. అయినా అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం బస్సు సగం ఖాళీ. ఎలీసమ్మ అమ్ముడుపోక తిరిగి తెచ్చుకుంటున్న తాళ్ల చుట్ట సీటు కింద పెట్టుకుని మధ్య వరసలో కూచుంది. జగ్గారావు అద్దంలో చూశాడు. "వెనక్కెళ్లమను," అని కండక్టరు నూకరాజుతో అన్నాడు. ఆమె లేచి, చుట్ట ఈడ్చుకుంటూ వెనక్కి వెళ్లడం కూడా అద్దంలో చూశాడు. ఆ మధ్యాహ్నం జరిగినవాటిలో అతనికి మసక లేకుండా గుర్తున్నది అదొక్కటే. కోర్టులో ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు.

"తాడు పేనడం ఆగిపోయిందా?" అన్నాడు.

"రెండు చేతులుండాలండి. ఒక చేత్తో పీచు అందించాలి, ఒక చేత్తో సర్దాలి. అమ్మ రాట్నం తిప్పగల్దు గాని, కళ్లు లేవు కదండి. ఇదిగో, బాదిన పీచు అలాగే ఉండిపోయింది. వాన పడితే నల్లబడిపోతాది."

ఎలీసమ్మ చెదిరిన పీచుని కాలితో కుప్పలోకి తోసింది. ఆ తరవాత అంది.

"మీరెందుకొచ్చేరో తెలుసండి. షెడ్డులో పనిచేసే కుర్రాడు నిన్న రోడ్డు మీద కనబడి మాటల్లో అనేసేడు."

జగ్గారావు కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"చెబుతానండి. దూడ వచ్చిందని చెబుతాను," అంది ఆమె.

అతను తలెత్తాడు.

"నాకెందుకండి మీతో గొడవ? రేపు చెయ్యి బాగుపడితే నేను మళ్లీ బస్సెక్కాలి. తాడు అంబాజీపేట చేరాలి. మొన్న కోర్టు నుంచి వస్తుంటే నన్ను బస్సెక్కనివ్వలేదు, నడిచొచ్చేను. అప్పుడు అడిగేరు కాబట్టి ఉన్నమాట చెప్పేశాను. ఈసారి బైబిలు మాత్రం తేవద్దనండి. కాకపోతే ఒక్కటి చెప్పండి. దూడ ఏ రంగండి?"

"ఏంటి?"

"ఒకాయన ఎర్రదన్నారు. షావుకారు గారు తెల్లమచ్చలన్నారు. నేను ఇంకోటి చెబితే మళ్లీ తప్పయిపోతాది. మీరు ముందు కూచున్నారు కదా. మీరు చెప్పిందే చెబుతాను. ఏ రంగండి?"

ఆమె ఎగతాళి చెయ్యడం లేదు. నేర్చుకోవలసిన పాఠం అడిగినట్టు, కళ్లార్పకుండా అతని మొహంలోకి చూస్తోంది. జగ్గారావు చెప్పడానికే నోరు తెరిచాడు. రోడ్డు గుర్తు తెచ్చుకున్నాడు. ఎండ, తళతళ, గట్టు మీది కొబ్బరిచెట్లు. ఇన్ని వాయిదాలుగా తోకతో చెవులతో పెరిగిన ఆ దూడని పిలిచాడు. అది రాలేదు. నల్లదో, ఎర్రదో, తెల్లదో, ఏదో ఒకటి అనేస్తే సరిపోతుంది. నాలుక కదల్లేదు.

ముసలామె రాట్నం పిడిని ఊరికే ఒకసారి తిప్పి వదిలింది. అది కిర్రుమంటూ తిరిగి ఆగింది.

"దూడ లేదు, ఎలీసమ్మా," అన్నాడు జగ్గారావు.

ఆమె పాక గుంజకి ఆనుకుంది.

"నువ్వేం మార్చొద్దు. ఎవరడిగినా నేను వద్దన్నానని చెప్పు. ఆ మధ్య వరసలోంచి నిన్ను లేపించింది నేనే కదూ?"

"అది రోజూ ఉండేదేగా అండి," అంది ఆమె.

లేచి వెళ్లిపోవలసిన సమయం అయింది. లేవలేదు. కాసేపటికి మంచం దిగి, పీచు కుప్ప దగ్గర కూచుని, ఒక గుప్పెడు తీశాడు.

"ఎలా పట్టుకోవాలి?"

"వద్దండి, మీరెందుకండి..."

"వాన పడితే నల్లబడిపోతాదన్నావుగా."

ఎలీసమ్మ తటపటాయించి, చివరికి చెప్పింది. పీచు చంకలో ఇరికించుకోవాలి. కొస రాట్నం కొక్కేనికి తగిలించి, వెనక్కి నడుస్తూ, వేళ్లతో కొంచెం కొంచెంగా వదలాలి. ముసలామె తిప్పింది. మొదటి తాడు బారెడు రాకముందే తెగింది. రెండోది ఒక చోట బొటనవేలంత లావు, ఒక చోట దారమంత సన్నం. అరచేతులు మండాయి. స్టీరింగుతో కాయలు కాసిన చేతులే గాని, ఆ కాయలు వేరే చోట ఉన్నాయి. పొద్దు వాలేవరకూ పేని, పేనినదంతా ఎలీసమ్మ ముందు పెట్టాడు. ఆమె ఎడమచేత్తో తడిమి చూసింది.

"ఇది గేదెక్కూడా పనికిరాదండి," అంది. ఆ రోజుకి మొదటిసారిగా ఆమె నవ్వింది.

అప్పీలు వద్దని చెబితే సోమేశ్వరరావు గారు వినలేదు. మొదట నచ్చజెప్పారు. తరవాత గొంతు పెంచారు.

"ఆవిడ ఒప్పుకుందంటున్నావు. నువ్వు వద్దన్నావా? నీకేమైనా మతి పోయిందా? ఈ ఊళ్లో నలుగురు పెద్దమనుషులు నీకోసం సాక్ష్యం చెప్పేరు. వాళ్లందరూ అబద్ధాలకోర్లనా నువ్వనేది?"

"నా కోసమే చెప్పేరండి. వాళ్ల తప్పు కాదు."

"అయితే షెడ్డుకి రాకు. ఇక మీదట నాకూ నీకూ ఏం లేదు."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు జగ్గారావు. వెళ్లబోతూ తిరిగి, "గంగరాజుకి అడుగు బస్తాలోది పొయ్యమని చెప్పండి," అన్నాడు. ఆయన మొహం తిప్పేసుకున్నారు.

ఇంటి దగ్గర చిన్నమ్మలుకి అంతా చెప్పాడు. దూడ లేదని కూడా చెప్పాడు. ఆమె విని, కొబ్బరినూనె గిన్నె తెచ్చి, చీరుకుపోయిన అతని అరచేతులకి రాసింది. "రేపు కూడా వెళ్తారా?" అని మాత్రం అడిగింది.

వెళ్లాడు. ఆ మర్నాడూ వెళ్లాడు. షెడ్డుకి రావద్దన్న ఆయన బస్సెక్కడానికి అతనికి మనసొప్పలేదు. నడిచే వెళ్లాడు. గట్టు వెంట పొద్దుటి ఎండలో నడుస్తుంటే, వెనకనుంచి తన బండి హారను వినబడేది. పక్కకి తప్పుకుని నిలబడేవాడు. ఇంజను చప్పుడు బట్టి బొగ్గు ఏదో తెలిసిపోయేది. బండి దాటిపోయాక రేగిన దుమ్ములో చిప్పల బొగ్గు వాసన కాసేపు నిలిచి ఉండేది. అది పోయేవరకూ అక్కడే ఉండి, అప్పుడు కదిలేవాడు. కల్లు పాక మనిషి కేకేస్తే మొదటి రోజు "రేపు చూద్దాంలే" అన్నాడు. రెండో రోజు ఆగి, పాక వైపు చూసి, నడిచాడు.

తాడు కుదురుకుంది. ఎలీసమ్మ పక్కనే నడుస్తూ "వదలండి, వదలండి, ఇప్పుడు బిగించండి" అని చెబుతుంటే వేళ్లకి మెల్లగా లెక్క తెలిసింది. అంబాజీపేట సంత నాటికి ఒక చుట్టకి సరిపడా తయారైంది. అందులో మొదటి బారలు విప్పి మళ్లీ పేనినవే.

సంత రోజు చుట్ట అతను భుజాన వేసుకున్నాడు. ఎలీసమ్మ వెనక నడిచింది. "నన్నెక్కించుకోరండి," అంటూనే ఉంది. రోడ్డు మీద నిలబడి జగ్గారావు చెయ్యెత్తాడు. గంగరాజు బస్సు ఆపాడు.

"రండి గురువుగారూ, ముందుకి రండి," అన్నాడు, పక్క సీటు కండువాతో దులుపుతూ.

కండక్టరు నూకరాజు తలుపులో నిలబడి ఎలీసమ్మని చూశాడు. ఎక్కనివ్వాలో వద్దో తేల్చుకోలేక గంగరాజు వైపు చూశాడు.

జగ్గారావు ముందు తలుపు తెరిచి, "ఎక్కు ఎలీసమ్మా," అన్నాడు.

"అయ్యో, వద్దండి. నేను వెనక్కి పోతాను. గొడవలెందుకండి!"

"ఆ చెయ్యి ఇంకా అతుక్కోలేదు. వెనక కుదుపులు ఎక్కువ. ఎక్కు."

బస్సులో సణుగుడు మొదలైంది. మధ్య వరసలోంచి నరసింహమూర్తి గారనే రైతు లేచి, "ఏంటయ్యా జగ్గారావు ఇది? పద్ధతీ పాడూ ఉండక్కర్లేదా?" అన్నారు. ఆయన దూడని చూసిన నలుగురిలో ఒకరు.

జగ్గారావు ఆయన వైపు తిరిగాడు. గట్టిగా అనలేదు.

"తమరికి తెలీందేముందండి. నేను తాగి తోలితే ఈవిడ చెయ్యి విరిగింది. అతుక్కునేదాకా ఇక్కడ కూచోనివ్వండి."

తాగి తోలితే అన్న మాట జగ్గారావు నోట అంతవరకూ ఎవరూ వినలేదు. నరసింహమూర్తి గారు ఏదో అనబోయి, పక్కనున్నవాళ్ల మొహాలు చూసి, కూచున్నారు. గంగరాజు ఇంజను రేపుతూ, ఎవరితోనూ కాకుండా, "ఎక్కమ్మా, వేళ మించిపోతోంది," అన్నాడు. ఎలీసమ్మ ఎక్కింది. సీటు అంచున, పడిపోతానేమో అన్నట్టు, ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని కూచుంది.

జగ్గారావు చుట్ట భుజాన వేసుకుని వెనక్కి నడిచాడు. ఆ బండిలో అతను చెయ్యి పెట్టని మేకు లేదు, తుడవని అద్దం లేదు. ఆ చివరి బల్ల మీద మాత్రం ఏ రోజూ కూచోలేదు. అప్పటికే నలుగురున్నారు. సర్దుకుని చోటిచ్చారు. చుట్ట ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు.

బస్సు కదిలింది. సెగ ఒక్కసారిగా వీపుకి తగిలింది. చక్రం పట్టుకున్నప్పుడు రోడ్డు ఎప్పుడూ ఎదురొచ్చేది. మలుపులూ మనుషులూ ముందు నుంచి వచ్చి పలకరించేవాళ్లు. ఇక్కడ కిటికీలోంచి అన్నీ వెళ్లిపోతూ కనబడ్డాయి. కల్లు పాక, కాలవ, దుంగ, గట్టు మీద కొబ్బరిచెట్లు ఒకదాని వెనక ఒకటి చిన్నవైపోయి, చివరికి దుమ్ములో కలిసిపోయాయి. ఇన్నేళ్లు తిరిగిన రోడ్డు. ఇంత అందంగా ఉంటుందని అతనెప్పుడూ అనుకోలేదు. తల కిందికి దించుకున్నాడు.

పక్కన ఒక ముసలమ్మ కోళ్లగంప ఒళ్లో పెట్టుకుని కూచుంది. ఎప్పుడూ వెనక తలుపులోంచి ఎక్కి, వెనక తలుపులోంచి దిగే మనిషి. అతని కాళ్లు చూసి మోచేత్తో తట్టింది.

"కాళ్లు ఇలా మడిచి పైకెట్టుకోండి బాబూ. గతుకొచ్చినప్పుడు నిప్పురవ్వలు రాల్తాయి."

జగ్గారావు కాళ్లు పైకి పెట్టుకున్నాడు.

"అలాక్కాదు, ఇలాగ," అంటూ ఆమె తన కాళ్లు చూపించింది. అతను అలాగే మడుచుకున్నాడు. ఆమె తృప్తిగా తలూపి, అతని మొహం కొంచెంసేపు పరకాయించి చూసింది.

"ఈ బస్సుకి కొత్తాండి తమరు?"

"ఆయ్," అన్నాడు జగ్గారావు. "కొత్తేనండి."